చుక్కలక్క తుడిచేసిన నీహారిక

మా ప్రెస్సులో ఆవిణ్ణి అందరూ చుక్కలక్క అనేవాళ్ళు. దుమ్ము పడ్డ ఫొటో మీద తెల్లటి చుక్కలు తేలతాయి. మూడు వెంట్రుకలు మిగిలిన కుంచెతో, పలచటి నీటిరంగుతో ఆ చుక్కల్ని చుట్టూ ఉన్న నలుపులో కలిపేయడం ఆవిడ పని. కలిపిందంటే అక్కడో చుక్క ఉండేదని ఫొటో తీసినవాడు కూడా పోల్చుకోలేడు. నేను అదే గదిలో ఎదురు బల్ల దగ్గర ప్రూఫులు దిద్దేవాణ్ణి. బతుకంతా చదువుతూనే గడిపాను గాని, ఆవిడ కాగితాన్ని చూసినంత దగ్గరగా నేను ఏ అక్షరాన్నీ చూడలేదు.

తండ్రి స్టూడియోలో నేర్చుకున్న విద్య అది. చేతినేర్పు ఎంతుందో దూకుడూ అంతే. ప్రెస్సుకొచ్చిన కొత్తలో ఒక పెళ్ళికొడుకు బుగ్గ మీది పుట్టుమచ్చని మరకనుకుని మాయం చేసింది. పెళ్ళివారు ఫొటో తెచ్చి బల్ల మీద పడేసి, "ఈయనెవరో మాకు తెలీదండీ" అన్నారు. ఆ రోజే ఓనరుగారు చెప్పేశాడు: ఇంకొక్క తప్పు పడితే బల్ల ఖాళీ చేసి బైండింగులోకి, కాగితాలు మడవడానికి. ఉత్తర దిక్కు కిటికీ, నిలకడైన వెలుతురు, ఆ బల్ల అంటే ఆవిడకి ప్రాణం. ఆ మాటతో అన్నం సయించలేదు పాపం, నాలుగు రోజులు.

అలాంటి రోజుల్లో వచ్చింది క్యాలెండరు పని. ఏడాది చివర, ఇరవై అయిదున చలికాలపు సెలవు పడే నెల పేజీకి, కొండ మీద దుర్భిణితో నక్షత్రాలు చూసే మాస్టారు ఫొటో ఇచ్చారు. సాయంత్రం తూర్పున మూడు నక్షత్రాలు వరసగా లేస్తాయే, వాటి కిందుండే నీహారిక. తెల్లటి పొగ చిక్కగా సుడి తిరిగి, రెక్క విప్పిన పిట్టలా ఉంది. కింద ఆయనే రాసిన నాలుగు ముక్కలు నేను దిద్దాలి. ఆ సెలవుకి మూలం ఆకాశంలో ఉందని రాశారు. సూర్యుడు పొడిచే చోటు రోజూ దక్షిణానికి జరిగి జరిగి, ఒకచోట ఆగి, వెనక్కి మళ్ళుతుంది. పగలు మళ్ళీ పెరుగుతుంది.

నాకో అనుమానం. "మాస్టారూ, పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజుకి సెలవు లేదు. మూడు రోజుల తర్వాత ఉందేం?"

"కంటితో చూసి చెప్పాలి కద బాబూ! సూర్యుడు మళ్ళాడో లేదో తేలడానికి ఆ మాత్రం పడుతుంది. నమ్మకం కుదిరాక సంబరం చేసుకుని ఉంటారని నా లెక్క."

గోడకి తగిలించుకునే కాగితంలో ఇంత కథా!

మర్నాడు పదకొండింటికి మాస్టారు ప్రూఫు చూడ్డానికొచ్చారు. రెండింటికి మెషీను ఎక్కాలి. కాగితం చేతికి తీసుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"నా పిల్లలేరమ్మా?"

"ఏ పిల్లలు మాస్టారూ?" అంది చుక్కలక్క, కుంచె పక్కన పెట్టి. "శుభ్రంగా ఉంది కదండీ. ఎంత దుమ్ము! యాభై ఏడు చోట్ల కప్పాను."

"అయ్యో తల్లీ! అవి కొత్తగా పుట్టిన నక్షత్రాలు! ఆ పొగలోంచే పుడుతున్నాయి!"

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మంలో ఓనరుగారు. "అయిందా? ఆకాశాన్ని కూడా కడిగేశావా? పాత పూలకుండీ బొమ్మ వేసెయ్యండి. నువ్వు సర్దుకో."

"రెండింటి దాకా ఆగండి ఓనరుగారూ. నేను వేసింది నీటిరంగే. నేనే తీస్తాను."

అసలు ఫొటోని తడి దూదితో అద్దింది. ఒక్కొక్కటే పైకి తేలాయి. యాభై ఏడూ వచ్చాయి. అక్కడొచ్చింది అసలు చిక్కు: వాటిలో నిజంగా దుమ్మెంత, నక్షత్రాలెన్ని? మాస్టారు గీసుకున్న పటం, ఫొటోలు తీసిన గాజు ప్లేట్లు అన్నీ కొండ మీద. బస్సులో పోయిరావడానికి నాలుగు గంటలు. పెద్దవి పది ఆయనే చూపించారు. మిగతావి నికరంగా చెప్పలేకపోయారు.

ఆవిడ భూతద్దం కంటికి ఆనించి ఫొటో మీదికి వంగింది. పది నిమిషాలు ఒక్కో చుక్కనీ పట్టి చూసింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ పెద్ద నక్షత్రాలు పదీ కుడిపక్కకి ఒరిగున్నాయేమండీ? గుండ్రంగా లేవు. ఒక్కోదానికీ చిన్న తోక."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అది... నా తప్పే. గంటన్నర సేపు తీసిన ఫొటో అది. నక్షత్రాల వెంట దుర్భిణిని తిప్పే గడియారం చివర్లో తడబడింది. ఎవరికీ కనబడదనుకున్నా."

"దుమ్ముకి మీ గడియారం తెలీదు కదండీ!"

ముందు నేను నవ్వాను. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచిపోయాను. కుడికి తోకుంటే నక్షత్రం! అంచు పదునుగా, అడ్డదిడ్డంగా ఉంటే దుమ్ము! ఆవిడ చెప్తుంటే నేను రాసుకున్నాను. "ఇది నక్షత్రం. ఇదీ. ఇది దుమ్ము, పీచులా ఉంది చూడు తమ్ముడూ. ఇది నక్షత్రం." మాస్టారు ప్రతిదానికీ చిన్నపిల్లాడిలా తలూపుతున్నారు.

చివరి దాని దగ్గర ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది దుమ్మేనమ్మా. ఇదొక్కటి నాకు గుర్తుంది. నా పటంలో కూడా ఎక్కించలేదు."

"తోకుందండీ."

"ఉండదు."

"మీరే చూడండి మరి!"

ఆయన చూశారు. మళ్ళీ చూశారు. భూతద్దం నాకిచ్చి, "బాబూ, నువ్వు చూడు, నా కళ్ళు నమ్మను" అన్నారు. కుడిపక్కకి, సూదిమొనంత తోక.

"ఉంచెయ్యమ్మా," అన్నారాయన, దాదాపు అరుస్తూ. "కొండెక్కగానే, ఇంకో రాత్రి తీసిన రెండో ప్లేటు చూస్తాను. ముందు ఉంచెయ్యి!"

పన్నెండు దుమ్ముచుక్కల్ని కప్పింది, నలభై అయిదు నక్షత్రాల్ని వదిలింది. రెండింటికి పది నిమిషాలుందనగా పేజీ కింద మెషీను గదికి దిగింది. ఓనరుగారు పూలకుండీ బొమ్మ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం ఫోను మోగింది. ఎత్తింది ఆవిడే. కింద మెషీను హోరు. అటునుంచి మాస్టారి కేక నా బల్ల దాకా వినబడింది: "ఉందమ్మా! రెండో ప్లేటులోనూ అక్కడే ఉంది!"

"మీ పటంలోకి ఎక్కించారా?"

"ఎక్కించాను!"

ఫోను పెట్టేసి, తిన్నగా ఓనరుగారి గదికి నడిచింది. "అయ్యా, ఆ బల్ల దగ్గర్నుంచి నన్ను లేపడం ఇక మీ తరం కాదు."

"ఎవరు లేపుతున్నారమ్మా? వెళ్ళి కూచో."

కూచోలేదు. ఆ రోజంతా నిలబడే పనిచేసింది. ఆ సంతోషం ఆవిణ్ణి కుర్చీలో కూచోనిచ్చేట్టు లేదు.