కుడి మూల ఖాళీ

మా బొమ్మల సారు పోయారని పొద్దున్నే ఆయన కూతురు ఫోను చేసింది. "నాయన ఇంక లేడన్నా" అంది, ఆపైన అంతా ఏడుపే. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. బతికుండగా ఆయన మీద కోపం చూపించే ధైర్యం ఎవరికుండేది గనక?

హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక, బుక్కరాయసముద్రంలో తన ఇంటి మిద్దె మీద గదిలో మాకు ఆయిలు పెయింటింగు నేర్పేవారు. నేర్పడమంటే ఒకటే పని. గోడకు ఒక పాత విదేశీ బొమ్మ ప్రింటు వేలాడేది. సగం తొక్క తీసిన నిమ్మకాయ, తగరపు పళ్లెం, గాజు గ్లాసు, కత్తి. దాన్ని ఉన్నదున్నట్టు దించాలి. దిగిందని ఆయనకు తోస్తే "పేరు రాసుకో" అనేవారు. అప్పుడే కుడివైపు కింది మూలలో మన పేరు. అంతకుముందే ఆ మూలలో కుంచె పెడితే వేళ్ల మీద స్కేలు పడేది. పెళ్లయి పిల్లలున్న నా వేళ్ల మీద కూడా.

ఒకసారి రంగులో కలిపే అవిసె నూనె అయిపోయింది. వేరుశెనగ పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు నూనెకు కరువా అనుకుని రంగులో శెనక్కాయ నూనె కలిపాను. అది ఆరదని నాకేం తెలుసు? వారాలు గడిచినా నిమ్మకాయ జిగటగానే ఉంది. గాలికాలం దుమ్మంతా దాని మీదే వాలింది, చీమలు పట్టాయి. సారు దాన్ని పారేయనివ్వలేదు. గుమ్మం పక్కన నిలబెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించారు.

"చూడండప్పా, మావాడు బొమ్మకు తిరగవాత పెట్టినాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

చట్రానికి కొత్త గుడ్డ బిగించి మళ్లీ మొదలుపెట్టాను. అయిందని చూపిస్తే కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ఈ ఎండ యాడిదిరా? ఆ బొమ్మేసినోళ్ల దేశంలో మబ్బు పట్టిన వెలుతురు. నువ్వు నిమ్మకాయను మిట్టమధ్యాన్నం బత్తలపల్లె రోడ్డు మీద పెట్టినావు" అన్నారు. నీడ మెత్తబరిచాను. గాజు బరువుగా ఉండాదన్నారు, తేలిక చేశాను. చివరికి లోపం చెప్పడం కూడా మానేశారు. చూసి "ఊఁ, ఆడ పెట్టి పో" అనేవారు. నా వెనక వచ్చినవాళ్లు పేర్లు రాసుకుని వెళ్లిపోయారు.

ఒకరోజు తెగించి అడిగాను. "ఇంకేం తక్కువుంది సార్? మీ నోటితో ఒక్కమాట చెప్పండి."

"నీకే తెలుస్తాదిలేప్పా" అన్నారు.

బొమ్మను అక్కడే వదిలేసి మెట్లు దిగాను. మళ్లీ ఎక్కలేదు.

ఆయన నాకేమీ ఇవ్వలేదని అనను. ఈరోజుకీ టీ గ్లాసు చేతికొస్తే, అంచు మీద మెరుపు ఎక్కడ తెగిందో ముందు అదే కనబడుతుంది. ఆ చూపు ఆయన పెట్టిన భిక్షే. అంత ఇచ్చిన మనిషి ఒక్కమాట దగ్గర ఎందుకంత పిసినారి అయ్యారన్నదే నా మంట.

దండ కొనుక్కుని వెళ్లాను. ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు. తల వైపు గోడ మీద, ఫ్రేము కట్టించి, నేను వదిలేసి వచ్చిన నా నిమ్మకాయ. చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన పక్కవాళ్లతో అంటున్నాడు: "సారు చేతి పని చూడప్పా. నాలిక్కి పులుపు తగిలేట్టుండాది."

"అది సారు వేసింది కాదు. నేను వేసింది" అన్నాను, చావింట్లో అనకూడనంత గట్టిగా.

కూతురు కళ్లు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చింది. "అవున్నా. అందరూ నాయన వేసినాడనే అనుకుంటారు. నాయన అవుననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకుండేవాడు."

నవ్వేవారట! నాకు ఒక్కనాడూ దక్కని నవ్వు.

"రంగులు పైనే ఉండాయి. పేరు రాసుకోన్నా. ఇప్పుడెవరు వద్దంటారు?"

ఎవరూ అనరు. నా ఖర్మ అదే కదా. ఆమె చెబితే నాకు చాలదు, ఊరంతా చెప్పినా చాలదు. ఆ మాట ఆయనే అనాలి. దండ వేయడానికి వంగాను. నోరు కొద్దిగా తెరుచుకునే ఉంది. పెదవుల మధ్య తులసాకు. ఎవరో పోసిన నీళ్లు లోపలికి దిగక చెంప మీదుగా కారుతున్నాయి.