వీపు నేలను తాకిన సంగతి

జనగామ జాతర కుస్తీల్లో ఆఖరి జోడీలో నేను ఓడిపోయాను. ఈ మాట నలుగురి ముందు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే ఒక మనిషి మెడ పోయింది.

మాది నెల్లికుదురు దగ్గర ఒక తండా. మిర్చి ఏరే రోజుల్లో చేలో పని, మిగతా రోజుల్లో మహబూబాబాద్ మార్కెట్‌లో బస్తాలు మోయడం. నాకు పట్లు నేర్పిన ఉస్తాద్ కూడా హమాలీయే. జాతర వస్తే చాలు, వెండి కడియం కోసం ఏ ఊరికైనా పోయి కుస్తీ పట్టేవాణ్ణి.

ఆ రోజు నా మీద గెలిచినతను జనగామ టౌన్‌లో పరుపులు కుట్టే ఇంటి కొడుకు. అంతకుముందు మూడు జాతరల్లో తలపడ్డాం. గోదాలోకి దిగేముందు ఒకరి భుజానికి ఒకరం మట్టి రాసి, "మంచిగున్నవా భాయ్?" అని పలకరించుకునేవాళ్లం. బయట చాయ్ కూడా కలిసే తాగేవాళ్లం.

ఆ ఆఖరి కుస్తీలో అతను నా నడుము పట్టి ఎత్తి పడేశాడు. నేను వెంటనే దొర్లి లేచాను. నా వీపు నేలకు ఆనిందని రెఫరీ అప్పటికే విజిల్ ఊది అతని చెయ్యి పైకెత్తాడు.

"తగల్లే! నా వీపు తగల్లే!" అని అరిచాను. ఆ క్షణాన నిజంగానే అలా అనుకున్నాను.

మా వాళ్లు తీసిన వీడియోలో అతని వీపే కనిపిస్తుంది తప్ప నాది కనిపించదు. అది తండాలన్నీ తిరిగింది. "నీకు అన్యాయం చేసిన్రన్నా" అని ముఖం తెలియని వాళ్లు ఫోన్ చేసేవారు. జనగామ వాళ్లు బదులు వీడియో పెట్టారు: "తండోనికి ఓడుడు గూడ రాదు." ఆ మాటకు బస్టాండ్‌లో మా వాళ్లూ వాళ్లూ కొట్టుకున్నారు. మా నాయిన ఆ వీడియో చూడని రోజు లేదు. చూసి, అన్నం ముందు పెట్టుకుని కూర్చునేవాడు.

నెల రోజులకు మా పెద్దమ్మ కూతురు ఇంకో వీడియో పంపింది. ఆమె జాతరలో కొబ్బరికాయలు అమ్ముతూ అవతలి వైపు నుంచి తీసింది. మార్కెట్‌లో బస్తా మీద కూర్చుని చూశాను. నా రెండు భుజాలూ మట్టిలో ఆనాయి. ఏ అనుమానానికీ చోటు లేకుండా ఆనాయి.

ఆమెకు ఫోన్ చేశాను. "గిది ఎవ్వలకు పంపకు అక్కా."

"నువ్వు వద్దంటే ఎందుకు పంపుత తమ్మీ," అంది. ఎందుకని అడగలేదు.

అప్పటికే భూపాలపల్లిలో మా ఇద్దరికీ మళ్లీ కుస్తీ పెట్టారు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టి, మా ఫోటోల నడుమ "పగ తీరేనా?" అని రాశారు. మా మధ్య అంతవరకూ పగ అన్నది లేదు.

ఆ రోజు అతను మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. కాళ్లు కడుక్కునే నల్లా దగ్గర ఇద్దరమే ఉన్నాం.

"పరుపుల మూట ఎత్తంగ మెడ పట్టింది భాయ్," అన్నాడు మెల్లగా. "జర చూసి పట్టు."

"పట్టనని చెప్పరాదు?"

"ఎట్ల చెప్త? మావోళ్లు బస్సు కట్టుకొని వచ్చిన్రు."

సరేనన్నట్టు తలూపాను.

కొద్దిసేపటికే అతను నన్ను రెండుసార్లు కిందికి తెచ్చాడు. మా నాయిన గోదా అంచున నిలబడి ఉన్నాడు. మళ్లీ ఓడితే మొదటి ఓటమి కూడా నిజమేనని అందరికీ తెలిసిపోతుందనిపించింది. అటు నుంచి ఉస్తాద్ అరుస్తున్నాడు: "మెడ! వాని మెడ మీద బడు!"

అతను నల్లా దగ్గర చెప్పింది నేను మర్చిపోలేదు. గుర్తుండే మోచెయ్యి మెడ మీద వేసి, ఉన్న బరువంతా పెట్టాను. ఎండుకట్టె విరిగినట్టు ఒక చప్పుడైంది. అతను బోర్లా పడ్డాడు. మట్టిలో అతని వేళ్లు ముడుచుకోవాలని చూసి ముడుచుకోలేకపోయాయి. ఈలోపు మా వాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తేశారు. అతన్ని మోసుకుపోయి ఆటోలో పెట్టడం నేను ఆ ఎత్తు నుంచే చూశాను.

వరంగల్ దవాఖానలో బతికాడు. మెడ తిరగదు, కుడిచేతికి పట్టు లేదు. నేను నాలుగు నెలల తర్వాత గానీ పోలేకపోయాను. ఇంటి ముందు కూర్చుని ఎడమచేత్తో పరుపు కుడుతున్నాడు. నన్ను చూసి వాళ్లమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

"జనగామల నా వీపు తగిలింది," అన్నాను.

"నాకు ఎర్కలేదా? మీదున్నది నేనే గద."

"భూపాలపల్లిల నువ్వు చెప్పినవ్. అయినా పట్టిన."

సూది ఆపాడు. "ఎందుకు?"

"భయమైంది."

"నాకు గాలేదా?" అన్నాడు. ఒళ్లో పరుపు గుడ్డను ఎడమచేత్తో సర్దుకున్నాడు. చివరికి, "గీ మాట నాకెందుకు? జాతర జనాలకు చెప్పు," అని మళ్లీ కుట్టు అందుకున్నాడు.

మళ్లీ జాతర వచ్చినప్పుడు జనగామలో మైకు అడిగి తీసుకున్నాను. వీపు తగిలిన సంగతీ, మెడ నొప్పి తెలిసే పట్టిన సంగతీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అవతలి వీడియో కూడా ఉందన్నాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మా వాళ్లలో ఒకతను లేచి, "ఎవడు బెదిరించిండన్నా? పేరు చెప్పు!" అన్నాడు. వీడియో చూపించబోతే దాన్ని మార్చారన్నారు. నిర్వాహకులు మైకు లాక్కున్నారు.

తర్వాతి జోడీలో మా తండా కుర్రాడొకడు, ఎదురుగా ఆ పరుపులు కుట్టేవాడి చిన్నాయన కొడుకు. "అన్న పగ తీర్చురా!" అని మా వాళ్లు అరుస్తున్నారు. ఆ అన్నను నేనే. వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను, ఎవరూ నా వైపు చూడలేదు. నాయిన మాత్రం చూశాడు. చూసి, జనంలోంచి బయటికి నడిచాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

వారానికి జనగామ నుంచి అతను ఫోన్ చేశాడు.

"చెప్పినవట."

"చెప్పిన."

"మీవోళ్లు నమ్మిన్రా?"

"లేదు."

"మావోళ్లు నమ్మిన్రు," అన్నాడు. "గందుకే ఇంక కోపంగున్నరు. నువ్వు కొన్ని రోజులు గిటు దిక్కు రాకు."