వనరాజ్ కింద పడుకున్న మేస్త్రీ గారు

మా మేస్త్రీ గారు పోయారన్న కబురు నాకు వాళ్ళింటి నుంచి రాలేదు. రాజమహేంద్రవరంలో కార్లు అమ్మే ఒక షోరూమ్ వాళ్ళ వాట్సాప్ సందేశంలో వచ్చింది. ఆయన ఫొటో, పక్కన మెరుస్తున్న కొత్త వనరాజ్ బండి, కింద 'మా వనరాజ్ కుటుంబ పెద్ద ఇక లేరు' అన్న అక్షరాలు. ఆ కింద బుకింగుల కోసం ఫోన్ నంబరు. చావు కబురు కింద కూడా బుకింగు నంబరు వేసుకోగలిగిన మనుషులు వాళ్ళు. ఆయన ఒక్కరోజు కూడా వాళ్ళ కుటుంబం కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆత్రేయపురం వైపు కాలవ గట్టు మీద ఉండేది ఆయన షెడ్డు. మత్స్యకారుల ఇంట్లో పుట్టి, పడవ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని జీపులకు మళ్ళారు. పాత వనరాజ్ జీపు ఎవరి దగ్గరున్నా వైద్యం ఆయన దగ్గరే. వేసవిలో గోదారి పాయ ఎండినప్పుడు ఇసకలోకి దిగి, ఏటి మధ్య లంకలోంచి అరటి గెలలు వేసుకుని, నాలుగు చక్రాలతోనూ తవ్వుకుంటూ గట్టెక్కే బండి మా వైపు అదొక్కటే. డీజిల్ తెగ తాగేది, నల్లగా పొగ కక్కేది. మా నాన్నగారిది నాకు వచ్చింది.

బండి తీసుకెళ్తే మేస్త్రీ గారు మనం చెప్పేది వినేవారు కాదు. తువ్వాలు పరుచుకుని కిందికి దూరేవారు. "మీరు చెప్పేది మీకు తెలిసిందండి. బండి చెప్పేది కిందకెళ్తే వినపడుద్ది," అనేవారు. ఇంజన్ ఆయిలు చూసుకోనందుకు నన్ను ఎన్నిసార్లు తిట్టారో. "ఎద్దుకి కుడితెట్టడం మర్చిపోతారేంటండీ మీరు?" అని నా భార్య ముందే అడిగారు ఒకసారి. బయటికొచ్చాక బానెట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టారంటే బండి బాగున్నట్టు. తట్టకపోతే ఇంకో రోజు షెడ్డులో ఉండాల్సిందే. పాత బండి కొనేవాళ్ళు ఆ రెండు తట్ల కోసం పెనుగొండ నుంచి కూడా తీసుకొచ్చేవారు. ఆయన తట్టాక ఇంకెవరూ ఏమీ అడిగేవారు కాదు.

వనరాజ్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అదే పేరుతో కొత్త బండి వస్తోందని ఆ మధ్య ఊరూరా బోర్డులు పెట్టారు. కంపెనీ అమ్మే బండ్లన్నీ కలిపి సగటున ఇంత మైలేజీ ఇవ్వాలని నిబంధనలు బిగుస్తున్నాయట. అందుకని చిన్న ఇంజన్, పల్చటి రేకు, కాస్త బ్యాటరీ సాయం. అది తప్పని నేననను. కానీ అలాంటి బండ్లు వీధికి పది ఉన్నాయి. దీన్ని వేరుగా అమ్ముకోవాలంటే ఏదో ఒకటి కావాలి. కష్టపడి కొత్త పేరు సంపాదించుకునే ఓపిక లేక, మా నాన్నల కాలం నాటి పేరు తవ్వి తీసి దీనికి అంటించారు.

కొత్త బండి షోరూమ్‌లోకి వచ్చిన మొదటి రోజు మేస్త్రీ గారిని పిలిచి శాలువా కప్పారు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన శాలువా తీసి నా చేతికిచ్చి, అద్దంలాంటి ఆ నేల మీద తువ్వాలు పరిచారు. టై కట్టుకున్న మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కర్లేదండీ, పైన చూసి రెండు మంచి మాటలు చెప్పండి, చాలు."

"కింద చూడకుండా ఏం చెప్తానండీ?"

కాసేపటికి బయటికొచ్చారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. బానెట్ పట్టుకుని పైకి లేవబోతే చెయ్యి జారింది, మళ్ళీ వేశారు. అంతే. తర్వాత మైకు తీసుకున్నారు.

"బండి మంచిదేనండి. పొగ రాదు. ఇన్నేళ్ళూ పొగ మింగిన ఊపిరితిత్తులండీ నావి, పొగ లేని బండిని నేనెందుకు తిడతాను? హాయిగా గుడికెళ్ళండి, పెళ్ళికెళ్ళండి. కానీ ఎనక చక్రాలని తిప్పే షాఫ్టే లేదండీ. ఇసకలో దిగిందంటే ట్రాక్టరెట్టి లాగాలి. దీనికి వనరాజని పేరెందుకెట్టారో వీళ్ళనే అడగండి."

మైకు ఆగిపోయింది, పాట మొదలైంది. మర్నాడు వాళ్ళు వదిలిన వీడియోలో రెండే ఉన్నాయి: బానెట్ మీద ఆయన చెయ్యి రెండుసార్లు పడటం, "బండి మంచిదేనండి" అన్న మాట. లంక రైతులకు అది చాలు. మేస్త్రీ గారు తట్టారు కదా అని బుక్ చేసేశారు.

నేను వాళ్ళకన్నా గొప్పవాణ్ణి. అంతా చెవులారా విని కూడా బుక్ చేశాను. మా నాన్నగారి బండిని ఎక్స్ఛేంజీ కింద వాళ్ళ చేతిలో పెట్టి, వెనక మెరిసే ఆ పేరు చూసుకుని మురిసిపోయాను. "మేస్త్రీ గారు బాగుందన్నారటగా?" అని ఎవరైనా అడిగితే, "ఆయ్, తట్టారండి," అన్నాను. ఆ షోరూమ్ వాళ్ళను ఎంత అసహ్యించుకుంటానో, ఆ జవాబిచ్చిన నన్ను అంతకన్నా ఎక్కువ అసహ్యించుకుంటాను.

వేసవి వచ్చింది. కొత్త వనరాజ్‌లు పాయ ఇసకలో ఒకదాని వెనక ఒకటి కూరుకుపోయాయి. మేస్త్రీ అమ్ముడుపోయాడన్నారు. షెడ్డుకు బండ్లు రావడం మానేశాయి. ఆయన దగ్గుకుంటూ మోపెడ్ మీద ఇంటింటికీ తిరిగి, తాను అన్నదేమిటో చెప్పుకున్నారు. వీడియో చూసిన కళ్ళకు ఆయన మాట ఆనలేదు. చివరికి మా ఇంటికొచ్చారు.

"చినబాబు గారూ, ఆ రోజు మీరు పక్కనే ఉన్నారు కదండీ. నేనేమన్నానో నలుగురికీ చెప్పండి. నాకింకేం వద్దండి."

"చెప్తాలెండి," అన్నాను. చెప్పలేదు. చెబితే, మరి నువ్వెందుకు కొన్నావని అడుగుతారు. ఆయన ఊపిరితిత్తులు నా సిగ్గు తీరేదాకా ఆగలేదు.

పెద్దకార్యం రోజు షోరూమ్ వాళ్ళు షెడ్డుకు ఫ్లెక్సీ కట్టారు. 'వనరాజ్‌ని దీవించిన చేతులు' అట. లంక రైతులు ముభావంగా కూర్చున్నారు. మేస్త్రీ గారి భార్య నా దగ్గరికి వచ్చింది.

"బాబుగారూ, ఆఖరిదాకా మీ పేరే చెప్పారండి ఆయన. మీరు చెప్తారు, చెప్తారని."

లేచి నిలబడ్డాను. మైకులో ఆయన అన్నదంతా, ఒక్క మాట పోకుండా చెప్పాను. మేనేజరు, "ఇప్పుడెందుకండీ అవన్నీ, సందర్భం కాదు," అన్నాడు. ఒక ముసలి రైతు వెళ్ళి ఆ ఫ్లెక్సీ తాళ్ళు కోసేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మరి ఆయన బతికుండగా చెప్పలేదేంటండీ?"

భోజనాలకు కూర్చోబెట్టారు. మేనేజరు గారెలు మారడిగి మరీ తిన్నాడు. నా విస్తట్లో పప్పు మీద నెయ్యి మేస్త్రీ గారి భార్యే వేసింది. "తినండి బాబూ, ఇప్పటికైనా చెప్పారు," అంది. కలిపిన ముద్ద నా చేతిలోనే ఉంది. పక్కవాళ్ళందరూ లేచి చేతులు కడుక్కుంటున్నారు.