ఎర్రగడ్డకు ఇంటూ మార్కు

మా నాన్న నలభై ఏళ్లు మైదుకూరు దగ్గర ఎర్రగడ్డలు పండించాడు. కోస్తావాళ్లు ఉల్లిపాయ అనేదాన్నే మేము ఎర్రగడ్డ అంటాం. అంటాం అని రాశాను గానీ, నేను అనను. నేను తెలుగు టీచర్ని. పిల్లల నోట్‌బుక్కుల్లో ఎర్రగడ్డ కనిపిస్తే చాలు, ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ఉల్లిపాయ అని రాసేదాన్ని.

ఈ భాష నేను పట్టుబట్టి తెచ్చుకున్నది. ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో మొదటిరోజు "కూర శానా బాగుండాది" అన్నాను. గదిలోవాళ్లు వారం రోజులు ఆ మాటే అనుకుంటూ పడీ పడీ నవ్వారు. రోషం వచ్చింది. ఆరు నెలల్లో నా నోట్లో యాస ముక్క లేకుండా చేసుకున్నాను. 'నాయనా' అన్న పిలుపు ఎప్పుడు 'నాన్నా' అయిందో మాత్రం నాకు తెలీదు. అది నేను కావాలని మార్చింది కాదు. ఆయన గమనించే ఉంటాడు, ఒక్కనాడూ అడగలేదు.

నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి. కల్లూరులో మా ఇంటికి తెచ్చుకున్నాం. వారానికి మూడుసార్లు స్పీచ్ థెరపీ అమ్మాయి ఒకామె షేర్ ఆటోలో వచ్చేది. కోస్తా పిల్ల, చాలా ఓపిక. ఆమె బొమ్మలు చూపిస్తే ఆయన పేర్లు చెప్పాలి. రెండు నెలలు ఏ బొమ్మకీ పలకలేదు. ఒకరోజు ఉల్లిపాయ బొమ్మ దగ్గర పెదవులు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"ఎర్... ఎర్రగడ్డ" అన్నాడు.

"కాదండీ తాతగారూ, మళ్లీ చూడండి" అంటూ ఆ అమ్మాయి కాగితం మీద ఇంటూ పెట్టింది. ఆ మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు, ఆమె తప్పేం లేదు. చెప్పాల్సింది నేను. అది మా మాటమ్మా, సరిగ్గానే చెప్పాడు అనాలి. నోరు తెరిచాను.

"ఉల్లిపాయ, నాన్నా. ఉల్లి... పాయ."

అనాలని అనలేదు. క్లాసులో అనీ అనీ అదే వచ్చేసింది. ఆయన నా వైపు ఒకసారి చూసి నోరు మూసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే థెరపీ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. పాపం, చాలా బాధపడింది. "మీ మాటలే రాసివ్వండి మేడం, వాటితోనే చేయిద్దాం" అంది. రాశాను. ఎర్రగడ్డ, వెల్లుల్లికి తెల్లగడ్డ, బంగాళాదుంపకు ఉర్లగడ్డ, వేరుశనగకు శెనిక్కాయలు. రాయడం సులువే, పలకడమే రాలేదు. వంటింటి తలుపేసుకుని "యాడ, ఈడ, శానా" అని సాధన చేస్తే సినిమాలో సీమ రౌడీ మాట్లాడినట్టుంది. మా ఆయన తలుపు తోసి "ఎవరితో కొట్లాడతాండావు?" అన్నాడు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మాట రాక నాన్న, వచ్చిన మాట వదిలించుకోలేక నేను, ఒకే ఇంట్లో ఇరుక్కుపోయాం.

నెల గడిచింది. ఆయన మళ్లీ నోరు తెరవలేదు. మొన్న ఆదివారం వంటింటి బుట్టలోంచి ఒక గడ్డ తీసుకెళ్లి ఆయన ఎడమచేతిలో పెట్టాను. బొటనవేలితో పొట్టు రాల్చాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. నేను మంచం పక్కన నేలమీద కూర్చున్నాను.

"ఎర్రగడ్డ, నాయనా" అన్నాను. ఈసారి నటించినట్టు లేదు. అది నాకే తెలిసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తప్పు" అన్నాడు. తర్వాత నాకు బాగా అర్థం కావాలని నెమ్మదిగా, ఆరోజు నేను విడదీసి చెప్పినట్టే, "ఉల్లి... పాయ" అన్నాడు.