బానెట్ మీది మీసాలు

రాసుకో బిడ్డా, మొదటి మాటే గట్టిగా రాయి: మీ నాన్న పెళ్ళి సంబంధాన్ని నేను పాత్రలు తోమే పీచుతో తోమిపారేశాను. నవ్వకు, నువ్వు నవ్వితే అక్షరాలు వంకరపోతాయి. నవ్వడం చదివేవాళ్ళ పని.

అప్పట్లో మీ నాన్న కేజీఎఫ్ నుంచి వేమగల్ ఫ్యాక్టరీకి పనికి పోయేవాడు. మీ అమ్మ అక్కడే పరిచయమైంది. ఇద్దరికీ ఇష్టమే. నంగలిలో ఉన్న మీ అమ్మ నాన్నకే, అంటే మీ నంగలి తాతకే, మనసు కుదరలేదు. చివరికి ఒక ఆదివారం, "సరే, వచ్చి మాట్లాడండి" అన్నాడు. బస్సు దిగి నడిచిపోతే చులకనైపోతామని మీ నాన్న కామసముద్రంలో ఒక పాత ఎర్ర కారు కొన్నాడు.

కారు మంచిదే. బానెట్ మీద బొమ్మతోనే వచ్చింది తంటా. నల్ల స్టిక్కరును కత్తిరించి అతికించిన ఒక లీడరు మొహం! ఎద్దు కొమ్ముల్లాంటి మీసాలు, కళ్ళద్దాలు, జోడించిన చేతులు. మీ నంగలి తాతేమో పంచాయతీ ఎలక్షన్లో నిలబడి, ఆ లీడరు నిలబెట్టిన మనిషి చేతిలోనే ఓడిపోయాడు. ఆ పేరు చెవిన పడితే నోట్లో ముద్ద కూడా మింగడని మీ అమ్మ ముందే చెప్పింది.

శనివారం సాయంత్రం మీ నాన్న కారును ఇంటి ముందు ఆపాడు.

"అమ్మా, నువ్వు దీని జోలికి పోవద్దు. రాబర్ట్‌సన్‌పేటకు పోయి స్టిక్కర్ల అంగడాయన్ని పిలుచుకొని వస్తాను."

"స్టిక్కరు పీకేదానికి ఒక మనిషా? ఇంత వయసొచ్చింది, నేను తీయని మసి యాడుండాది?"

"అది పెయింటమ్మా, పాత్ర కాదు."

"సుమ్నే పోప్పా నువ్వు, ఊరికే నస పెట్టొద్దు!"

వాడు పోయాడు. నేను కొంగు బిగించాను. నిజం చెప్పాలంటే మొదలుపెట్టడం మహారాణిలా మొదలుపెట్టాను. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ స్టిక్కరు మీద పరిచాను. అది మెత్తబడ్డాక గోటితో అంచు లేపి, పసిబిడ్డ చొక్కా విప్పినంత నెమ్మదిగా లాగాను. మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి తుడిచేశాను. కత్తి ముట్టలేదు, బ్లేడు ముట్టలేదు. గనిలో పనిచేసి రిటైరైన మీ తాత కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"ఏమయ్యా, చూసినావా? ఒక్క గీతన్నా పడిందా?"

"పడలేదే. అయితే ఆయన పోలేదు."

"ఎవరు?"

"లీడరు. ఇట్లా పక్కకొచ్చి చూడు."

చూశాను. యేసయ్యా! ఎండకు కారంతా వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది. స్టిక్కరు కింద ఎండ తగల్లేదు కదా, అక్కడ కొత్త ఎరుపు అలాగే ఉంది. ఇందాకటిదాకా నల్లగా ఉన్న పెద్దమనిషి ఇప్పుడు తలంటిపోసుకుని ఎర్రగా నవ్వుతున్నాడు.

"ఇంగ విడిచిపెట్టు. అంగడాయన పాలిష్ పెడతాడు," అన్నాడు మీ తాత.

నేను విడుస్తానా! మన లైన్ ఇళ్ళ వెనక మిల్లు దిబ్బ ఉంది కదా, ఆ తెల్ల ఇసుకతోనే మేమంతా ఇత్తడి బిందెలు తోమేవాళ్ళం. మొహానికి రాసుకునే పౌడరంత సన్నగా ఉంటుంది. అది గనిలోంచి తీసిన రాయిని నలగ్గొట్టిన పిండి. బంగారమైతే తీసుకున్నారు గానీ, రాయి కోపం అందులోనే ఉండిపోయింది. ఆ సంగతి బిందెకు తెలుసు, పెయింటుకు తెలియదు.

గుప్పెడు తెచ్చి, పీచు పెట్టి రుద్దాను. ముందు మీసాలు పోయాయి, వాటితోపాటే రంగూ పోయింది. చుట్టూ సమానం చేద్దామని కళ్ళ దగ్గర రుద్దాను. అక్కడ రేకు బయటపడింది.

"ఏమే! ఇంగ రెండు తిప్పులు తిప్పితే ఇంజనే కనిపిస్తాది!" అన్నాడు మీ తాత.

ఇంతలో మీ నాన్న అంగడాయనతో వచ్చాడు. ఆయన బానెట్ చూశాడు, నన్ను చూశాడు. "అమ్మా, ఇది స్టిక్కరు పని కాదు, పెయింటు పని. రేపటికి కాదు," అని స్కూటర్ తిప్పుకున్నాడు.

మీ నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. "గీతలు పడినా మొహం తెలుస్తానే ఉందమ్మా. పిల్ల నాయన వాకిట్లోనుంచే పంపిచ్చేస్తాడు. నాకు ఇంగ ఆ పిల్ల లేదు."

నేను ఆ పీచును పెరట్లోకి విసిరేశాను, బిడ్డా.

మర్నాడు బానెట్ మీద తువ్వాలు కట్టి బయలుదేరాం. ముళబాగిలు దాటగానే గాలికి అది ఊడి, వెనక లారీ అద్దానికి చుట్టుకుంది. ఆ డ్రైవరు తిట్టినవి నువ్వు రాయొద్దు.

నంగలి తాత వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బానెట్ వైపు వంగాడు.

"ఇది ఆయనే కదా?"

"అంకుల్, అది పాత ఓనరు..." అని మీ నాన్న మొదలుపెట్టాడు.

"కండ్లు యాడ?"

"పోయినాయప్పా," అన్నాను.

"మీసాలు?"

"అవి ముందే పోయినాయి."

"ఎవురు చేసినారిట్లా?"

దాచి లాభం లేదు. చేతులు జోడించాను. "నేనేనప్పా. పీచుతో, దిబ్బ ఇసకతో. సాయంత్రమంతా రుద్దినాను."

ఆయన గీతల్లో వేలు పెట్టి చూశాడు. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. ఆయన లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఏమే, ఇట్లా రా! పాయసం పెట్టు! నాకు ఓటేసినోళ్ళు గూడా వాడినింత రుద్దలేదే!"

సంబంధం ఖాయం. షరతు ఒక్కటే: పెళ్ళయ్యేదాకా ఆ బానెట్‌కు పెయింటు వేయకూడదు. పెళ్ళిరోజు మీ నంగలి తాతే కారు చుట్టూ పూలు కట్టించి, మొహం ఉన్నచోట మాత్రం ఒక్క పువ్వు కూడా పెట్టనివ్వలేదు. నంగలి వీధులన్నీ తిప్పించాడు.

ఇక నా ప్రమాణం, పెద్ద అక్షరాలతో రాయి. ఈ జన్మలో ఇంకెవరి కారునూ నేను తోమను. తప్పనిసరైతే, అవతలివాళ్ళు ఎలక్షన్లో ఎవరి చేతిలో ఓడిపోయారో ముందు కనుక్కుని, ఆ తర్వాతే చెయ్యి వేస్తాను.