పాపక్క కొంగున కన్వెన్షన్ సెంటరు తాళం

పుంగనూరు పొలిమేరలో, చెరువు ఒడ్డున, తళతళా మెరుస్తూ నిలబడిన లేక్ వ్యూ కన్వెన్షన్ సెంటరుకు యజమాని ఎవరని అడిగితే ఊళ్ళో అందరూ దామోదర్ పేరు చెబుతారు. పాపం, దామోదర్ కూడా అలాగే అనుకుంటూ ఉంటాడు. అసలు యజమాని మా అవ్వ పాపక్క. ఆ భవనం పుట్టింది ఆమె నెత్తి మీద, పెరిగింది ఆమె దయ మీద, ఇప్పుడు నడుస్తున్నది ఆమె కొంగున కట్టిన తాళంచెవి మీద. మదనపల్లె మొదలుకొని కుప్పం దాకా వెతకండి, ఇంత ఆస్తి కొంగున ముడేసుకొని ఇంకా పేడ ఎత్తుతున్న మనిషి ఇంకొకరు కనబడితే చెప్పండి.

ఇందులో కొంత గాలి ఉంది గానీ, నెత్తి మీద పుట్టిందన్న మాట మాత్రం నిజం. పాపక్క పుట్టిల్లు కుప్పం పక్కన గుడుపల్లె దగ్గర. పెళ్ళై పుంగనూరుకు వచ్చినప్పుడు ఆమె మాటలో సగం అరవం, అత్త మాటలో సగం కన్నడం. ఇద్దరి మాటా పూర్తిగా అర్థమైంది ఇంట్లో ఉన్న ఆవుకు ఒక్కదానికే. అందుకే కోడలు తన కష్టం ఆవుకు చెప్పేది, అత్త కోడలి తప్పులు ఆవుకు చెప్పేది. ఆవు రెండూ విని నెమరు వేసేది.

ఆ రోజుల్లోనే దామోదర్ తండ్రి ఆదినారాయణ చెరువు ఒడ్డున కల్యాణ మండపం మొదలుపెట్టాడు. పాపక్క దానికి ఇసుక గంపలు మోసింది. అప్పటికి ఆమె కొడుకు ప్రకాష్ ఇంకా కడుపులోనే ఉన్నాడు. "ఏమ్మే, నీ కొడుకు గూడా పనికొచ్చినాడే" అని మేస్త్రీ నవ్వితే, "వచ్చినాడు గదప్పా, వానికీ అర కూలీ ఇయ్యి" అన్నదట. మేస్త్రీ ఇవ్వలేదు. ప్రకాష్ ఆ తర్వాత జీవితంలో చేసిన పనులన్నీ చూస్తే మేస్త్రీది ముందుచూపే అనిపిస్తుంది.

ఆదినారాయణ మంచి మనిషి. మండపానికీ చెరువుకూ మధ్య పశువులు పోయేంత దోవ వదిలి గోడ కట్టించాడు. పాపక్క ఆ దోవనే తన ఆవును నీళ్ళకు తోలుకుపోయింది. ఆ ఆవు కూతురిని తోలుకుపోయింది. ఇప్పుడు ఆ కూతురికి కూతురు గిడ్డిని తోలుకుపోతోంది.

గిడ్డి పుంగనూరు పొట్టి జాతి. నిలబడితే పాపక్క నడుము దాటదు. మండపంలో భోజనాలు అయ్యాక ఎత్తిన అరిటాకులూ కూరగాయల తొక్కలూ అన్నీ దానికే వచ్చేవి. ఎవరి పెళ్ళిలో పాయసం కుదిరిందో, ఎవరి పెళ్ళిలో పప్పు నీళ్ళగా ఉందో ఆకు నాకి చెప్పగల ఆవు అది. కాకపోతే అడిగినవాళ్ళు లేరు.

మండపం పాతబడింది. వానొస్తే రేకుల మీద మోతకు మంత్రాలు వినపడేవి కావు. మదనపల్లెలో ఏసీ హాళ్ళు లేచాయి, పుంగనూరువాళ్ళే తమ పెళ్ళిళ్ళు అక్కడికి తోలుకుపోవడం మొదలుపెట్టారు. దామోదర్‌కు రోషం వచ్చింది. రేకులు పీకించాడు, హాలును రెండింతలు చేయించాడు, ఏసీలు పెట్టించాడు. చెరువు వైపు ఇటుక గోడ కూలగొట్టి నిలువెత్తు అద్దాలు, వాటి మధ్య పక్కకు జరిపే అద్దం తలుపు బిగించాడు. అద్దాల అవతల చెక్కలతో వసారా లాంటిది వేయించి, జనం ఫొటోలు దిగడానికి అన్నాడు. వసారా అంచున, కట్ట పొడుగునా ఇనుప కంచె వేయించాడు. ఆ కంచెతో పశువుల దోవ మూసుకుపోయింది.

పాపక్క పోయి అడిగింది.

"దామోదరా, గిడ్డి ఎట్ల పోవల్లప్పా నీళ్ళకు?"

"తూము పక్క నుంచి పోవచ్చు గదక్కా. మంచి రోడ్డుండాది."

"రోడ్డు మంచిదే. దాని మీద లారీలు మంచివి గాదు. నా మోకాళ్ళు గూడా."

"అది గాదక్కా. అద్దాల్లో నుంచి సెరువు కనపడాలని బెంగుళూరు నుంచి మనిషిని పిలిపించి గీయిస్తి. ఆ అద్దాల ముందర ఆవు పేడేసుకుంటా పోతే పెళ్ళోళ్ళు ఏమంటారు?"

"ఆవు పోయిందంటారు. ఇంకేమంటారు?"

దామోదర్ నవ్వాడు గానీ కంచె తీయలేదు. కాపలా ఉండే మునెప్ప ఆ కంచె కట్టినవాడు. ఆమె మొహం చూడలేక నేల చూస్తూ, "నేనేమి సేసేది పాపక్కా, కట్టమంటే కట్టినా" అన్నాడు.

"బాగా కట్టినావులే. నీ లుంగీ గూడా అంత గట్టిగా కట్టవు" అని వచ్చేసింది.

ఇంటి కుళాయి తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. పాపక్క బిందెలతో మోసి తొట్టి నింపితే, గిడ్డి మూతి పెట్టి వాసన చూసి, నాలుగు గుక్కలు తాగి, తల తిప్పి చెరువు వైపు చూసేది. కట్ట కింద పచ్చిగడ్డీ పోయింది. ఆవు డొక్కలు తేలాయి. అది చూసి ప్రకాష్ ఒక మాట తెచ్చాడు.

"అమ్మా, హైదరాబాదులో ఎవరో పొట్టి ఆవు కావాలంటాండారు. వచ్చే వారం బండి తెస్తారంట. ఇచ్చేస్తామా? ఆడ దానికి ఫ్యాను గూడా ఏస్తారంట."

"ఫ్యాను కింద పండుకోని ఏమి సేస్తాది, టీవీ సూస్తాదా?"

"మరి ఈడుండి ఏమి సేస్తాది? ఎండిపోతాండాది గదా."

పాపక్క చేతిలో బిందె దించి గడప మీద కూలబడింది. ప్రకాషే భయపడి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగకుండా ఆ చెంబు తీసుకుపోయి తొట్టిలో పోసింది. దోవ పోతే గిడ్డి పోతుంది. ఆ సంగతి ఆమెకు కంచె మొదటి కమ్మీ పాతిన రోజే తెలుసు.

అలాంటి సమయంలో దామోదర్ తానే పాపక్క ఇంటికి వచ్చాడు. ప్రారంభోత్సవం దగ్గర పడింది. కొత్త కట్టడంలోకి మొదట ఆవు అడుగు పెట్టాలి గదా, అది పుంగనూరు ఆవే కావాలని అతని భార్య శోభారాణి పట్టుబట్టింది. ఈ జాతి ఆవులు ఊళ్ళో తగ్గిపోయి ఫొటోల్లో ఎక్కువైన కాలం. వెతికి వెతికి చివరికి తన కంచె పక్కనే ఒకటి ఉందని దామోదర్‌కు గుర్తొచ్చింది.

"అక్కా, గిడ్డిని ఒక గంట ఇయ్యల్ల. దూడ గూడా ఉండాది, లక్షణంగా ఉంటాది."

"దానికేమప్పా, తోలకొస్తా. ముందర వాకిట్లో నుంచి లోపలికి పోతాది, సరే. మళ్ళా యాడ నుంచి బయటికొస్తాది?"

"యాడ నుంచి పోతే ఆడ నుంచే. ఏం?"

"ఏమీ లేదులే" అంది పాపక్క.

ఏమీ లేకపోవడమేమిటి, ఉన్నదంతా అక్కడే ఉంది. ఆ పక్క పల్లెల్లో గృహప్రవేశానికి ఆవు ముందర గడప దాటి లోపలికి వస్తుంది, ఇల్లంతా నడిచి పెరటి వాకిలి నుంచి బయటికి పోతుంది. వచ్చిన దోవనే వెనక్కి తిప్పితే వచ్చిన లక్ష్మి కూడా తిరిగి పోతుందని పట్టింపు. బెంగుళూరు మనిషి ఏసీ ఎక్కడ ఉండాలో, అద్దం ఎక్కడ ఉండాలో అన్నీ అడిగి గీశాడు. ఆవు ఎక్కడ నుంచి పోవాలో దామోదర్ చెప్పలేదు, అతను అడగలేదు. మనవాళ్ళు ఎన్ని ఏసీలు పెట్టినా ఆవును పిలవకుండా ఉండలేరు, పిలిచినప్పుడు దాని దారి గురించి ఆలోచించనూ లేరు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే పాపక్క గిడ్డికి స్నానం చేయించింది. కొమ్ములకు పసుపు రాసింది, మెడలో గంటలు కట్టింది, దూడకు బొట్టు పెట్టింది. తొట్టిలో నీళ్ళు పోయడం మాత్రం మరిచిపోయింది. అరవై దాటినా ఎవరెవరు ఎప్పుడు ఏమన్నారో మాటకు మాట అప్పజెప్పే మనిషికి మతిమరుపు సరిగ్గా ఆ పొద్దే వచ్చింది.

హాలు నిండా జనం. నిమ్మనపల్లె నుంచీ కుప్పం నుంచీ చుట్టాలు దిగారు. ముందు వరసలో దామోదర్ తల్లి రాజమ్మ చేతికర్ర పట్టుకొని కూర్చుంది. గిడ్డి గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది. అద్దంలా మెరిసే నేలలో దానికి కింద ఇంకొక గిడ్డి కనబడింది. పాపక్క దాని చెవిలో ఏదో గొణిగింది, అరవమో కన్నడమో. గిడ్డి కదిలి, శోభారాణి ముచ్చటపడి పరిపించిన ఎర్ర తివాచీ ఎక్కి, సరిగ్గా నడిమధ్యన పేడ వేసింది.

"లక్ష్మి, లక్ష్మి!" అని రాజమ్మ చేతులు జోడించింది. అత్త జోడించాక శోభారాణి కూడా జోడించక తప్పలేదు. తివాచీని చూస్తూనే జోడించింది.

అక్కడ నుంచి గిడ్డికి ఎవరూ దారి చూపలేదు. దానికి అద్దాల అవతల చెరువు కనబడింది. దూడను వెంటేసుకొని నేరుగా నడిచి, అద్దానికి ముక్కు కొట్టుకొని, తడి మచ్చ చేసి, మళ్ళీ కొట్టుకొని, "అంబా" అని అరిచింది. కొత్త హాలు గదా, ఆ అరుపు నాలుగు మూలలా మోగింది. మైకుకు పెట్టిన ఖర్చు దండగ అని మునెప్ప పక్కవాడితో అన్నాడు.

"అయింది గదక్కా, ఇంక తిప్పు" అన్నాడు దామోదర్.

పాపక్క పలుపు వదిలేసి చేతులు కట్టుకొని నిలబడింది. "నాకు తెలీదప్పా. మీయమ్మను అడుగు."

అడగవలసిన పని లేకపోయింది. రాజమ్మ చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఎవుర్రా ఎనక్కి తిప్పేది? మీ నాయన కట్టినప్పుడు దీని అవ్వనే గదరా గడప దాటింది! ఇట్లే వచ్చి అట్లే సెరువుకు పోయింది. ఆ దోవ యాల ఇడిసినాడనుకుంటివి మీ నాయన? ఊరికే ఇడిసినాడా?"

దామోదర్ తల్లిని చూశాడు, ఆవును చూశాడు, వచ్చిన జనాన్ని చూశాడు. అయ్యవారు ముహూర్తం దాటిపోతోందని గొంతు సవరించుకున్నాడు. దామోదర్ తానే పోయి అద్దం తలుపు పక్కకు జరిపాడు. చెరువు గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. గిడ్డి గంటలు మోగించుకుంటూ చెక్కల మీదుగా పోయి, కంచె దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూసింది. చూసింది దామోదర్‌నే అని చూసినవాళ్ళందరూ అంటారు.

"మునెప్పా, ఇప్పు!"

"ఏమిప్పేది సామీ?"

"కంచె ఇప్పురా!"

కట్టేటప్పుడు పూటంతా పట్టిన కంచె, విప్పేటప్పుడు అయ్యవారి మంత్రం ముగిసేలోపు ఊడి వచ్చింది. ఆ మూల కమ్మీ ఒక్కటి ముందునుంచీ వదులుగానే ఉన్నట్టుంది. పాపక్క మునెప్ప వైపు చూసింది. మునెప్ప తన లుంగీ ముడి సరిచేసుకున్నాడు.

గిడ్డి కట్ట దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలోకి పోయి, తల వంచి తాగింది. పక్కన దూడ నీళ్ళలో తన మొహం చూసి బెదిరి ఎగిరింది. ఏసీ హాల్లో ఒక్కరూ మిగల్లేదు. అందరూ చెక్కల మీదికి వచ్చి ఫోన్లు ఎత్తారు. పట్టుచీరలు, వెనక చెరువు, ముందర నీళ్ళలో పొట్టి ఆవు. కూతురి పెళ్ళికి హాలు మాట్లాడుకోవడానికి నిమ్మనపల్లె నుంచి వచ్చిన ఒకాయన దామోదర్ చెయ్యి పట్టుకున్నాడు.

"మా పెండ్లికి గూడా ఈ ఆవు ఇట్లే వస్తాదా అన్నా?"

దామోదర్ నీళ్ళలో నిలబడిన గిడ్డి వైపు చెయ్యి చూపాడు. "వస్తాది. రోజూ సాయంత్రం వస్తాది. ఇది దాని దోవనే."

పాపక్క ఆ మాట విననట్టు నటించింది. కళ్ళు మాత్రం కొంగుతో తుడుచుకుంది. పసుపు పడిందంది.

వారం తిరిగేలోపు కంచె ఊడదీసిన చోట చిన్న గేటు వచ్చింది. అద్దాల పక్కగా కట్టదాకా మళ్ళీ దోవ పడింది. రాజమ్మ మొదటిరోజే కుర్చీ వేయించుకొని అక్కడ కూర్చుంది, ఎవరూ మూయకుండా. పశువులు పోయాక పిల్లలు నీళ్ళలోకి దిగకుండా గేటుకు తాళం ఉండాలని దామోదర్ అన్నాడు. సబబే. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న మాట రాగానే అందరూ ఒకే వైపు చూశారు.

హైదరాబాదువాళ్ళు బండి ఎప్పుడు పంపాలని ఫోను చేశారు. ప్రకాష్ గొంతు సవరించుకొని, "లేదప్పా, మా ఆవుకు ఈడనే పనొచ్చింది" అని పెట్టేశాడు. ఆ ఇంట్లో ముందుగా కొలువు దొరికింది గిడ్డికే.

ఇప్పుడు గిడ్డి డొక్కలు నిండాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో పెళ్ళికూతుళ్ళు పాపక్క ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూస్తారు. ఆమె ఎవరి ముహూర్తం కోసమూ తొందరపడదు, ఎవరి ఫొటో కోసమూ ఆగదు.

ఇదంతా రాసి, అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించిన మనవరాలు చివరికి ఒక్క మాట అడిగింది. "అవ్వా, నిజం సెప్పు. ఆ పొద్దు తొట్టిలో నీళ్ళు కావాలనే పొయ్యలేదు గదా?"

పాపక్క కొంగు విప్పి తాళంచెవి ఆ కాగితాల మీద పడేసింది.

"పదో క్లాసు తప్పినా ప్రశ్నలకేమీ తక్కువ లేదు. లెయ్, పొద్దు వాలతాండాది. గిడ్డిని నీళ్ళకు తోలకపో."