జొన్నచేలో వేలాడిన మాండ్రేక్

ఐదు నెలల కిందటిదాకా పొద్దున లేవగానే నా మొదటి పని వాకిలి చిమ్మడం కాదు, మా ఆయన కంప్యూటరు మీట నొక్కడం. మీట నొక్కి, వాకిలి చిమ్మి, నీళ్లు చల్లి, రెండు గ్లాసుల కాఫీ కలిపి ముందు గదిలోకి తెచ్చేసరికి అది సరిగ్గా లేచేది. ఆయనా అప్పుడే లేచేవాడు. ఇద్దరిలో ఎవరు ముందు లేస్తారా అని రోజూ చూసేదాన్ని. ఎక్కువ రోజులు కంప్యూటరే గెలిచేది. ఇప్పుడు తిన్నగా వాకిట్లోకి పోతున్నాను. కాఫీ ఒక్క గ్లాసే. ఆ గది తలుపు దగ్గరికి వేసి ఉంటుంది.

మా ఆయన పేరు యలమంద. కోటప్పకొండ మొక్కు మీద పెట్టిన పేరు. బతికున్నన్నాళ్లూ నేను ఆ పేరు నోటితో అనలేదు. రాస్తే తప్పు లేదనుకుంటాను. తప్పయినా అడగడానికి ఆయన లేడు. మాది చిలకలూరిపేట పక్క పల్లె, పత్తీ మిరపా పండించే ఇల్లు. ఈయన మాత్రం పొలానికి పనికిరాడని మా మామగారు ముందే తేల్చేశారు. మందు కొట్టమని పంపిస్తే పురుగున్న సాళ్లు వదిలేసి, పురుగు లేని సాళ్లు శుభ్రంగా తడిపి వచ్చాడట. ఆ మనిషిని కంప్యూటరు కోర్సుకి కాకపోతే ఎక్కడికి పంపుతారు?

పేట బస్టాండు దగ్గర నాలుగు కంప్యూటర్లతో ఇంటర్‌నెట్ సెంటరు పెట్టాడు. ఊళ్లో అందరి దగ్గరా విండోస్ ఉంటే ఈయన దగ్గర లినక్స్ ఉండేది. పత్రికతో పాటు డిస్కు ఊరికే వచ్చిందట, అదీ మొదలు. లినక్స్ అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి పంచిపెట్టొచ్చు అని నాకు చెప్పాడు. ఊరికే పంచేదాన్ని నమ్ముకుని సంసారం ఎట్లా నడుస్తుందండీ అని అడిగాను. హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లలు స్టార్ట్ బటన్ ఏదీ అని అడిగేవాళ్లు. అది లేదురా, దీంట్లో ఇంకా మంచిది ఉంది అని గంట చెప్పేవాడు. ఆ గంటలో పిల్లలు ఎదురు షాపులో ప్రింటు తీసుకుని ఇంటికెళ్లి అన్నం తినేవాళ్లు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయట. ఆయనకి ప్రాణం మాండ్రేక్ అనే రకం. అట్ట మీద మంత్రగాడి టోపీ పెట్టుకున్న పెంగ్విన్ ఉండేది. నేను పదేళ్లు దాన్ని బాతనుకున్నాను. తర్వాత ఆ కంపెనీ వేరే కంపెనీతో కలిసి పేరు మాండ్రీవా అని మార్చుకుంది. పెళ్లయితే ఇంటిపేరు మారదా అన్నాను, అంతేనన్నాడు. ఆ పెళ్లి పదేళ్లు నిలిచింది. ఒకరోజు పొద్దున్నే ఆ గదిలో కూర్చుని, రత్నం, మాండ్రీవా పోయింది, కంపెనీ మూసేశారు అన్నాడు. మొహం చూస్తే మేనత్త పోయినట్టుంది. దూరపు చుట్టమేగా, తలకి పోసుకోండి చాలు అని నీళ్లు తోడి పెట్టాను. నవ్వుతాడనుకున్నాను. వెళ్లి నిజంగానే తలకి పోసుకుని వచ్చాడు. అదే ఏడాది క్రంచ్‌బ్యాంగ్ అని ఇంకోటి కూడా ఆగిపోయిందట. దానికి ఉత్త కాళ్లు కడుక్కుని సరిపెట్టాడు.

ఆగిపోయినవాటి డిస్కులన్నీ దాచేవాడు. కొత్తవి వచ్చాక పాతవెందుకు అంటే, వీటి మీద నడిచే మిషన్లు ఇంకా ఎక్కడో ఉంటాయే అనేవాడు. పదో తరగతి సర్టిఫికెట్లు దాచినట్టు ఒక్కోదాని మీదా స్కెచ్ పెన్నుతో పేరు రాసి గుడ్డసంచిలో పెట్టేవాడు. తుడిచేది మాత్రం నేను. గుండ్రంగా తుడవొద్దు, మధ్యలోంచి అంచుకి తుడవాలని ప్రతిసారీ సణిగేవాడు.

భాద్రపదంలో గుండె ఆగింది. ఆసుపత్రిలో రెండుసార్లు కరెంటు పెట్టి స్టార్ట్ చెయ్యబోయారు. లేవలేదు.

పుష్యమాసంలో మా మరిది బుల్లయ్య వచ్చాడు. అరెకరం జొన్న వేశాడు, గింజ పాలుపోసుకుంటోంది, చిలకలు గుంపులుగా పడుతున్నాయట. మెరిసేవి కడితే దగ్గరికి రావంట వదినా, అన్న సీడీలు ఉన్నాయిగా అన్నాడు. ఆ రోజు నాకు మా ఆయన మీద ఒళ్లు మండిపోతోంది. చెప్పకుండా పోయినవాడి సొత్తుకి నేనెందుకు కాపలా ఉండాలనిపించింది. సంచితో సహా ఇచ్చేశాను. అరవై పైనే ఉంటాయి. ప్రపంచంలో మూతపడ్డ లినక్స్‌లన్నీ పురికొస మీద వరుసగా వేలాడి మా మరిది జొన్నకి కాపలా కాశాయి.

మాఘంలో ఒంగోలు నుంచి ఒకాయన వచ్చాడు. పేరు క్రీస్తుదాసు. గ్రానైటు రాళ్ల మీద అక్షరాలు చెక్కిస్తాడు. శంకుస్థాపన రాళ్లు, ఇంటిపేర్ల పలకలు, క్రైస్తవుల సమాధి రాళ్లు. రాయి మీద అతికించే అక్షరాల అచ్చు కోసే మిషను ఒకటుంది ఆయనకి. దాన్ని నడిపే కంప్యూటరులో ఇరవై ఏళ్ల కిందట మా ఆయనే మాండ్రేక్ ఎక్కించాడు. నెల కిందట ఆ కంప్యూటరు పాడైంది. కొత్త కంప్యూటర్లు ఆ మిషనుని గుర్తుపట్టడం లేదట. ఒంగోల్లో అడిగితే మ్యూజియంకి ఇచ్చెయ్యమన్నారట.

"కొత్త మిషను కొనే తాహతు లేదమ్మా. ఇద్దరు పనోళ్లు ఖాళీగా కూర్చున్నారు. ఇంకో వారం చూసి వాళ్లు వెళ్లిపోతారు. అన్న ఒక డిస్కు నా పేరున దాచానని చెప్పాడు," అన్నాడు.

మాండ్రేక్ ఇంటర్నెట్టులో వెతికితే ఇప్పటికీ ఎక్కడో దొరుకుతుందట. ఆ మిషను కోసం మా ఆయన సొంతంగా రాసి కలిపిన ప్రోగ్రాము ముక్క మాత్రం ఆ ఒక్క డిస్కులోనే ఉంది.

అది చిలకలకి కట్టానని ఏ నోటితో చెప్పను? చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుని, చేను ఎటమ్మా అన్నాడు.

ఎండ నిటారుగా ఉంది. డిస్కులు తిరుగుతూ కళ్లల్లోకి కొడుతున్నాయి. ఒకదాని పక్కనే పురికొస మీద చిలక కూర్చుని, అందులో మొహం చూసుకుంటూ కంకి ఒలుచుకుంటోంది. ఎక్కడ కట్టావు బుల్లయ్యా ఆ ఒంగోలాయనది అని అడిగితే మా మరిది నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాకేం తెలుసు వదినా, వాటి మొహాలన్నీ ఒకటే. అన్నీ పీకితే చేను పోద్ది, చెబుతున్నా."

"పీకకపోతే ఆయన పని పోద్ది. పక్కకి జరుగు."

నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవాలి. కానీ ఆయన చేతిరాత నాకు తెలుసు. క్రీస్తుదాసు ఒక సాలు, నేనొక సాలు. రెడ్‌హ్యాట్, కోరెల్, ఇంకో రెడ్‌హ్యాట్. కొన్నింటి మీద రాత ఎండకి పూర్తిగా పోయింది. చూసిందల్లా తెంపి కొంగులో వేసుకున్నాను. మిరప చేను గట్టు దగ్గర చివరి కర్రకి ఉన్నదాని మీద ‘ఒంగోలు - పోగొట్టకు’ అని ఉంది. దానికి ముందున్న డిస్కు పేరు వెలిసిపోయింది. పోగొట్టకు అన్నది మాత్రం నన్ను చూసి రాసినట్టు నల్లగా నిలబడి ఉంది.

ఇంటికొచ్చి ఆ గది తలుపు తీశాను. మీట నొక్కాను. పాపం, ఎప్పటిలాగే కాఫీ కలిపేంతసేపటికి లేచింది. డిస్కు పెడితే గర్రుమని తిరిగి బయటికొచ్చేసింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. క్రీస్తుదాసు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. దుమ్మూ మంచూ ఎండా తిన్న డిస్కు, ఇంక చదవదమ్మా అన్నాడు.

ఆయన పాత పంచె చింపి, కొంచెం తడి చేసి, మధ్యలోంచి అంచుకి తుడిచాను. గుండ్రంగా తుడవలేదు. ఎవరూ సణగలేదు. ఆరబెట్టి పెట్టాం. చాలాసేపు గొణిగింది. తర్వాత తెర మీద ఏవో పేర్లు బిలబిలమని దిగాయి. క్రీస్తుదాసు లేచి నిలబడి పెన్‌డ్రైవ్ తీశాడు. తొందరలో రెండుసార్లు తిరగేసి పెట్టాడు.

మూడో రోజు ఫోన్ చేశాడు. మిషను నడుస్తోందట, పనివాళ్లు ఉండిపోయారట. పరీక్షకని మొదటి అచ్చు మీ ఆయన పేరే కోశానమ్మా, రాయి మీద కూడా చెక్కి పంపనా అని అడిగాడు. మాలో సమాధి రాళ్లు పెట్టరయ్యా, ఎక్కడ నిలబెట్టుకోను అన్నాను. ఫోన్ పెట్టేశాక గంటసేపు ఏ పనీ చెయ్యలేదు.

మధ్యాహ్నం బుల్లయ్య ఫోన్. చిలకల్ని తోలడానికి డబ్బా కొట్టీ కొట్టీ చేతులు పడిపోయాయట. గింజ గట్టిపడేదాకా పది రోజులు చాలట, సాయంత్రంలోగా డిస్కులన్నీ మళ్లీ పురికొసకి గుచ్చి పెట్టు వదినా, వచ్చి తీసుకెళ్తానన్నాడు. సరేనన్నాను. అప్పటికి అన్నీ ఒక్కొక్కటిగా తుడిచి, నులక మంచం మీద దుప్పటి వేసి ఆరబెట్టి ఉన్నాయి. పురికొస ఉండ పక్కనే ఉంది.

సాయంత్రమైంది. బుల్లయ్య బండి చప్పుడు వినిపించింది. ఒక్కటీ గుచ్చలేదు. చిలకలు ఎన్ని తింటాయో తిననీ అని, మంచం మీద చివర కాస్త చోటు చేసుకుని కూర్చున్నాను.